దేవుని పేరున మోసే బరువు సగం దించుకోవచ్చు

పోయినేడాది గోడ క్యాలెండర్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. చర్చిలో ఇచ్చిందే, పైన వాగ్దాన వాక్యం, కింద తేదీల గళ్ళు. దాన్ని కిందికి దించి, ఒక లాంగ్ నోట్‌బుక్కు, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ ఒక గంట కూర్చోండి. పన్నెండు నెలల్లో ఇంట్లో పెట్టుకున్న కూటాలు, వెళ్ళిన ఫంక్షన్లు, చదివించిన కవర్లు, తెచ్చిన అప్పులు, కొన్న చీరలు అన్నీ వరసగా రాయండి. నాలుగు గడులు చాలు: తేదీ, సంగతి, ఖర్చు, ఎవరి కోసం.

పని అంతా నాలుగో గడిలోనే ఉంది. అందులో మూడు మాటల్లో ఒకటే రాయాలి. దేవుడు, ఇంట్లోవాళ్ళు, నలుగురు. 'నలుగురు' అంటే నలుగురిలో పరువు కోసం చేసింది. ఇక్కడే ఇంట్లో పోట్లాట మొదలవుతుంది. 'మీ అక్క కోసం చేశాం', 'మీ తమ్ముడు అడిగాడని చేశాం' అని పేర్లు లేచాయంటే నోట్‌బుక్కు మూసేసుకోవాల్సిందే. పేర్లు వద్దు, ఆ మూడు మాటలే. గుర్తురానిది వదిలేయండి. గుర్తు కూడా లేని ఖర్చు ఎవరి కోసం చేశారో చెప్పక్కర్లేదు గదా.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో క్రైస్తవ కుటుంబం పుస్తకం ఇలా రాస్తే ఒక సంగతి తేలుతుంది. పెద్ద ఖర్చులు సినిమాల మీదో షికార్ల మీదో ఉండవు. దేవుని పేరు మీద ఉంటాయి. కృతజ్ఞతా కూటం, పుట్టినరోజు కూటం, గృహ ప్రతిష్ఠ, జ్ఞాపకార్థ కూడిక, సెమీ క్రిస్మస్. పేరు దేవునిది, బిర్యానీ నలుగురిది. బతుకు తేలిక చేసుకోవాలనుకునేవాళ్ళు బీరువా సర్దడంతో మొదలుపెడతారు. బీరువా ఆఖర్న చూసుకోవచ్చు. ముందు కూటాల సంగతి చూడాలి.

ఇంట్లో కూటం

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేసినవాళ్ళు ఐదుగురు. అమెరికా మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, తెలుగువాళ్ళు ముగ్గురు. షామియానా లేదు, మైకు లేదు, ఫ్లెక్సీ అంతకన్నా లేదు. నూట డెబ్బై ఏళ్ళు దాటినా ఆ కొండను ప్రార్థన కొండ అనే అంటున్నారు. మన ఇంటి కూటానికి కొలత అదే అనుకుంటే లెక్క సులువుగా కుదురుతుంది.

ముందు సమయం మార్చండి. కూటం రాత్రి ఏడున్నరకు పెట్టారంటే భోజనం పెట్టక తప్పదు. మధ్యాహ్నం పన్నెండుకు పెట్టినా అంతే. పొద్దున ఆరున్నరకో సాయంత్రం ఐదుకో పెడితే టీతో సరిపోతుంది. వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి వండుకునే టైము ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ముప్పావు గంటలో ముగించాలి. ఒక ప్రార్థన, రెండు పాటలు, ఒక వాక్యభాగం, ఒక సాక్ష్యం, ముగింపు ప్రార్థన. సాక్ష్యం చెప్పాల్సింది ఆ మేలు పొందిన మనిషే. బయటి ఊరి నుంచి బోధకుణ్ణి పిలిస్తే ఆయన కారు పెట్రోలు, కానుక, ఆయన వెంట వచ్చినవాళ్ళ భోజనం అన్నీ వెంట వస్తాయి. మైకు పెట్టకండి. నలభై మంది పట్టే గదిలో మామూలు గొంతు వినపడుతుంది. మైకు వీధి కోసం.

వంద మందికి గుగ్గిళ్ళు, టీ ఇవ్వాలంటే కొలత ఇది. శనగలు నాలుగు కిలోలు ముందు రోజు రాత్రే నానబెట్టాలి. నాని ఉడికితే ఎనిమిది కిలోల పైన అవుతాయి, మనిషికి ఒక గుప్పెడు నిండుగా వస్తుంది. రాత్రి మర్చిపోయి పొద్దున నానబెడితే సరిగ్గా నానవు, మెత్తబడటానికి చాలా విజిల్స్ పడతాయి. టీకి పాలు నాలుగు లీటర్లు, నీళ్ళు రెండు లీటర్లు పోస్తే చిన్న గ్లాసులు వందకు సరిపోతుంది. భోజనం పెట్టి తీరాలని ఇంట్లో పెద్దావిడ పట్టుబడితే బిర్యానీ వద్దు, సాంబారన్నం చేయండి. వందకు బియ్యం ఎనిమిది కిలోలు, కందిపప్పు మూడు కిలోలు.

ఈ మార్పు పాస్టరు గారికి వారం ముందు నేరుగా వెళ్ళి చెప్పాలి. ఫోన్లో చెబితే కోపంతో చెప్పినట్టు ఉంటుంది, కూటం రోజు చెబితే అవమానించినట్టు ఉంటుంది. మాట ఇంతే: 'అయ్యగారూ, ఈసారి కూటం సాయంత్రం ఐదుకు పెట్టుకుంటున్నామండీ. ముప్పావు గంటలో అయిపోవాలనుకుంటున్నాం, భోజనాలు లేవు. వాక్యం మీరే చెప్పాలి, వేరే ఎవర్నీ పిలవలేదు.' ఆ చివరి మాట మర్చిపోకండి. చాలామంది అయ్యగార్లకు ఆ మాటే సంతోషం.

బంధువుల దగ్గర మాట పడక తప్పదు. 'ఏంది వదినా, ఉత్త టీ తాగించి పంపించారే' అని ఎవరో ఒకరు అంటారు. ప్రసంగం చేయకండి. 'ఈసారికి ఇంతే వదినా. ఆదివారం మా ఇంటికి రా, కలిసి తిందాం' అని నిజంగానే పిలవండి. వంద మందికి వడ్డించే రోజు ఒక్కరితోనైనా నిదానంగా మాట్లాడే తీరిక దొరకదు. నలుగురితో కూర్చుని తింటే దొరుకుతుంది.

మొక్కుకున్నాం, ఇప్పుడు తగ్గిస్తే దోషం కాదా అని కొందరికి భయం. మొక్కుకున్నది చెల్లించమనే ప్రసంగి గ్రంథం 5వ అధ్యాయం చెబుతోంది. అయితే మీరు ఏమని మొక్కుకున్నారో ఆ మాట గుర్తు తెచ్చుకోండి. 'ప్రభువా, ఆపరేషన్ బాగా జరిగితే కూటం పెట్టుకుంటాను' అని ఉంటుంది. మటన్ బిర్యానీ, ఎల్ఈడీ లైట్లు ఆ మొక్కులో ఉండవు. అవి తర్వాత మనం కలిపినవి. ఇక ముందు ఏదైనా మొక్కుకుంటే ఆ పూటే నోట్‌బుక్కులో తేదీతో రాసి పెట్టుకోండి, పెరగకుండా ఉంటుంది.

శనివారం పులుసు

1866 తర్వాత ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో మాదిగ కుటుంబాలు అమెరికా మిషనరీ క్లౌ దొర కాలంలో విశ్వాసంలోకి వచ్చినప్పుడు ఆదివారం పనికి వెళ్ళకపోవడం చిన్న విషయం కాదు. ఊరి పెద్దల కోపాన్ని, కూలి పోవడాన్ని భరించి నిలబెట్టుకున్న రోజు అది. అదే ఆదివారం ఇప్పుడు మన ఇళ్ళలో ఎట్లా గడుస్తోంది? ఆరాధన ఒంటిగంటకు ముగుస్తుంది. మగవాళ్ళు వస్తూ వస్తూ కోడి కూర తెస్తారు. ఆడవాళ్ళు ఇంకా గుడికి కట్టుకున్న చీరతోనే అల్లం వెల్లుల్లి దంచుతూ ఉంటారు. మూడింటికి భోజనం, నాలుగింటికి గిన్నెలు, ఐదింటికి స్త్రీల సమాజం. వారంలో అన్నిటికన్నా ఎక్కువ చాకిరీ విశ్రాంతి దినానే.

నిర్గమకాండం 16లో, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా సంగతి చూడండి. ఏడో రోజు విశ్రాంతి కాబట్టి ఆరో రోజే మనిషికి రెండు ఓమెర్లు, అంటే రెండు రోజులకు సరిపడా కూర్చుకుని, కాల్చుకునేది కాల్చుకుని, వండుకునేది వండుకుని పెట్టుకోమన్నారు. అంటే వంట ముందు రోజుకు జరపాలి. నెల్లూరువాళ్ళకు ఇది కొత్త కాదు. చేపల పులుసు వండిన రోజు కన్నా మర్నాడే బాగుంటుందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పులుపు, కారం ముక్కలోకి దిగడానికి రాత్రంతా పడుతుంది.

కిలో కొరమీనుగానీ వంజరంగానీ పెద్ద ముక్కలుగా కొట్టించండి. చిన్న ముక్కలు మర్నాటికి విరిగిపోతాయి. ఉప్పు, పసుపు పట్టించి పక్కన పెట్టండి. చింతపండు 80 గ్రాములు నానబెట్టి పులుసు తీయాలి. పుల్లమామిడి దొరికే కాలంలో ఒక కాయ వేసి చింతపండు 50 గ్రాములకు తగ్గించండి. వంద గ్రాముల నూనెలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, టమాటాలు మగ్గాక కారం వేసి, వెంటనే పులుసు పోసేయాలి. కారం నూనెలో మాడితే పులుసు నల్లబడి చేదు వస్తుంది. పదీ పన్నెండు నిమిషాలు మరిగి నూనె పైకి తేలాక మామిడి ముక్కలు, మరో ఐదు నిమిషాలకు చేప ముక్కలు వేయండి. తర్వాత గరిటె పెట్టొద్దు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పాలి. చివర్లో ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒకటి, మెంతులు అర, ఆవాలు అర చెంచా దోరగా వేయించి కొట్టిన పొడి చల్లి దించేయండి. మెంతులు అర చెంచా దాటితే ఆ చేదు రాత్రికి ఇంకా పెరుగుతుంది.

మట్టి దాకలో అయితే మేలు, లేదంటే స్టీలు గిన్నె. అల్యూమినియం గిన్నెలో పులుపు రాత్రంతా ఉంటే లోహం వాసన వస్తుంది. వేడి మీద గట్టిగా మూత పెడితే ఆవిరి నీళ్ళై పులుసులో పడుతుంది, అందుకే పాడవుతుంది. మూత ఓరగా పెట్టి చల్లారనివ్వండి. ఫ్రిజ్ ఉంటే చల్లారాక అందులో పెట్టండి. లేకపోతే, ముఖ్యంగా ఎండాకాలంలో, పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి బాగా పొంగేదాకా మరిగించాలి.

ఆదివారం గుడికి వెళ్ళే ముందు బియ్యం కడిగి కరెంటు కుక్కరులో పోసి ఉంచితే, వచ్చి స్విచ్చి వేశాక చెప్పులు విప్పి, బట్టలు మార్చుకుని, పిల్లలకు కాళ్ళు కడిగేలోపు అన్నం అవుతుంది. ఇస్త్రీ, పిల్లల బూట్లు, కానుక కవరు, బండిలో పెట్రోలు కూడా శనివారం సాయంత్రం పనులే. కోడి కూర లేనిదే ఆదివారం కాదనే ఇంట్లో దాన్ని శనివారం రాత్రికి జరపండి. కొన్ని వారాలు గొణుగుతారు, తర్వాత శనివారం కోసం ఎదురు చూస్తారు.

వారం పొడుగునా ఉండే కూడికల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బుధవారం ఇంటి కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం రాత్రి ప్రార్థన, యూత్ మీటింగు, మధ్యలో మూడు రోజుల ఉజ్జీవ సభలు. ఆదివారం ఆరాధన కాక వారానికి ఒక్క కూడిక ఎంచుకుని దానికి మాత్రం తప్పకుండా వెళ్ళండి. అన్నిటికీ అప్పుడప్పుడూ వెళ్ళేవాడి కన్నా ఒక్కదానికి తప్పకుండా వచ్చే మనిషి సంఘానికి ఎక్కువ ఉపయోగపడతాడు. సంఘపెద్దలకు కూడా ఏ రోజు మీరు వస్తారో తెలిసి ఉంటుంది.

అప్పు, పంట డబ్బు

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని లూకా 14లో ప్రభువు అడిగిన మాట ప్రోనోటుకు కూడా వర్తిస్తుంది. పల్లెల్లో నూటికి మూడు రూపాయలంటే నెలకు మూడు, ఏడాదికి ముప్పై ఆరు. లక్ష తెచ్చి నెలకు అయిదు వేలు కడుతూ పోతే తీరడానికి 31 నెలలు, మొత్తం లక్షా యాభై వేలు దాటి కడతారు. అదే లక్ష రూపాయి వడ్డీకి ఉంటే అదే అయిదు వేలతో 23 నెలలకు ముందే తీరుతుంది, కట్టేది లక్షా పన్నెండు వేలు. మెడలో గొలుసు ఉంచుకుని మూడు రూపాయల వడ్డీ కట్టడం కన్నా ఆ గొలుసు బ్యాంకులో పెట్టి ప్రోనోటు తీర్చేయడం మేలు. గొలుసు లేకుండా పెళ్ళికి వెళ్ళడానికి గుండె కావాలి, ఒప్పుకుంటాం. నాలుగో గడిలో 'నలుగురు' అని రాసింది అందుకే.

ప్రోనోటులో జరిగే మోసం చాలావరకు మన అజాగ్రత్త వల్లే. నోటు గడువు మూడేళ్ళు. గడువు దగ్గరపడగానే అప్పిచ్చినవాళ్ళు తిరగరాయమంటారు. అప్పుడు కట్టని వడ్డీ కూడా అసల్లో కలుస్తుంది. లక్షకు మూడేళ్ళ వడ్డీ లక్షా ఎనిమిది వేలు, కొత్త నోటు రెండు లక్షల ఎనిమిది వేలకు రాస్తారు. ఇక వడ్డీ దాని మీద. కాబట్టి కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించండి. మనవాళ్ళే గదా అని వదిలేయకండి. బాకీ తీరిన రోజే నోటు చేతిలోకి తీసుకోవాలి, తర్వాత ఇస్తానంటే కదలకూడదు.

చీటీలు ఒకే సంఘంలోవాళ్ళ మధ్య వేయకండి. పాడుకున్న మనిషి కట్టడం మానేస్తే డబ్బుతో పాటు సంఘం కూడా రెండు ముక్కలవుతుంది. ఆదా చేయాలంటే డ్వాక్రా సంఘం ఉంది. దూబగుంట రోసమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి లేపిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. ఆ ఉద్యమం తర్వాతే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టారు. సారాకు పోయే డబ్బు ఇంటికి మళ్ళించిన జిల్లా ఇది.

కొండపి, ఒంగోలు వైపు పొగాకు బేళ్ళు అమ్మినప్పుడు, నెల్లూరు డెల్టాలో మార్చి, ఏప్రిల్‌లో ధాన్యం అమ్మినప్పుడు, డబ్బు ఒక్కసారిగా ఎకౌంట్లో పడుతుంది. ప్రమాదం ఆ వారంలోనే. బండి, ఫ్రిజ్, కూటం, చీరలు అన్నీ ఆ వారంలోనే తోస్తాయి. పడిన డబ్బును పది రోజులు కదిలించకండి. మొదటి రోజు చేయాల్సింది కాగితం మీద పంపకం ఒక్కటే. రాబోయే పంట పెట్టుబడి, ఏడాది బియ్యం, జూన్‌లో పిల్లల ఫీజులు, అప్పులో కట్టే కిస్తు, కానుక. దశమభాగం మొత్తం మీదా, మిగిలినదాని మీదా అని సంఘాల్లో వాదన ఉంది. మా మాట అడిగితే, సొంత డబ్బో అప్పో పెట్టిన పెట్టుబడి తీసేసి మిగిలిన ఫలం మీద. అప్పు తెచ్చిన డబ్బులో పదో వంతు ఇవ్వడమంటే అప్పిచ్చినవాడి డబ్బు కానుక వేయడమే. చీమకుర్తి క్వారీల్లోలా వారం కూలీ తీసుకునేవాళ్ళకు ఈ గొడవ లేదు. వారం వారం ఆదివారం ముందే తీసి పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

అమ్మానాన్నల మందులకు డబ్బు లేదని చెబుతూ గుడికి సౌండ్ సిస్టమ్ కొనిచ్చే కొడుకులున్నారు. మార్కు 7లో 'కొర్బాను' సంగతి, అంటే దేవునికి అర్పితమని చెప్పి కన్నవాళ్ళకు ఇవ్వాల్సింది ఎగ్గొట్టడం, వాళ్ళ కోసమే రాసి ఉంది. తల్లిదండ్రుల నెల ఖర్చు కానుక కన్నా ముందు గడిలో రాయాలి.

పిడికెడు బియ్యం

ఇవ్వడం కూడా తేలికగా, కనపడకుండా ఉండాలి. అందుకు మంచి మార్గం పిడికెడు బియ్యం. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. పిడికిట్లో 45 గ్రాముల దాకా పడతాయి. పూటకొకటి చొప్పున రోజుకు రెండంటే నెలకు రెండున్నర కిలోల పైనే. ఇంట్లో ఎవరికీ తగ్గినట్టే తెలియదు.

తేడా వచ్చేది మూడు చోట్ల. ఆ డబ్బాకని విడిగా పాత బియ్యం, నూకలు వేస్తారు. అలా చేయకూడదు, మీరు ఆ పూట తినే బియ్యమే వేయాలి. నెలకోసారి ఖాళీ చేయకపోతే పురుగు పడుతుంది. నీడన ఎండబెట్టిన వేపాకు వేస్తే కొంత ఆగుతుంది, కానీ ఖాళీ చేయడమే మందు. మూడోది, ఇచ్చేటప్పుడు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఉంది, ఇక స్టేటస్‌కు తెలియడమేంటి?

బియ్యం ఇచ్చిన ఇంటివాళ్ళను ఆదివారం గుడికి రమ్మని అప్పుడే పిలవకండి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు, కానీ ఆ కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఓపిక రెండున్నర కిలోల బియ్యానికి కూడా ఉండాలి.

ఫోను, బీరువా

వాట్సాప్‌లో సంఘం గ్రూపు ఒక్కటి ఉంచి మిగతా ప్రార్థన గ్రూపులన్నీ 'ఎల్లప్పుడూ' అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా సెట్టింగుల్లో ఆపండి. బయటికి రావడం కన్నా ఇదే సులువు, ఎవరూ అలగరు. ముక్కూ మొహం తెలియని బోధకుడు లైవ్‌లో క్యూఆర్ కోడ్ చూపించి 'ఇప్పుడే విత్తండి' అంటే ఆ రోజు పంపకండి. వారం తర్వాత కూడా పంపాలనిపిస్తే మీ సంఘపెద్దను అడిగి పంపండి. ఆ వారం గడిచేసరికి చాలామంది మర్చేపోతారు.

బైబిలు ఫోన్లో కాకుండా అచ్చు పుస్తకంలో చదవండి. ఏడాదిలో మొత్తం ముగించాలంటే 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే సరిపోతుంది. కానీ లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. అలవాటు లేనివాళ్ళు మార్కు సువార్త పట్టుకోండి, పదహారు అధ్యాయాలు, రోజుకొకటి. చదువురాని నాయనమ్మ ఇంట్లో ఉంటే ఆమె పక్కన కూర్చుని గట్టిగా చదవండి. ఆమె మధ్యలో ఆపి అడిగే ప్రశ్నలకు జవాబు వెతకడమే మీ ధ్యానం.

బీరువా సంక్రాంతి పోయాక తీయండి. నవంబరు, డిసెంబరు వానలకు ఈ కోస్తాలో బట్టలు చెమ్మ పట్టి ఉంటాయి, జనవరి ఆఖరు ఎండ మంచిది. మంచం మీద మూడు కుప్పలు వేయండి: ఏడాదిలో కట్టినవి, కట్టనివి, ఇప్పుడు పట్టనివి. పట్టు చీరలు నీడన ఆరేసి, మడతలు మార్చి పెట్టాలి. ఒకే మడత మీద ఏళ్ళు ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. ఇచ్చేయాల్సిన బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి ఇవ్వండి. చిరిగినవి ఎవరికీ ఇవ్వొద్దు, మసిగుడ్డలకు కోసుకోండి. పక్క వీధిలోవాళ్ళకు మీ చీర ఇస్తే ఆమె దాన్ని గుడికి కట్టుకుని వస్తుంది, అందరూ గుర్తుపడతారు. వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల ద్వారా అక్కడే ఇప్పించండి.